యంత్రం కావాలన్న మనిషి చేతి గుర్తులు: ఆండీ వార్‌హోల్

శుభలేఖలు అచ్చువేసే చిన్న షాపులో స్క్రీన్ ప్రింటింగ్ చూసినవాళ్లకి ఈ పని తెలిసే ఉంటుంది. చెక్క ఫ్రేముకి సన్నటి జాలీ గుడ్డ బిగించి ఉంటుంది. రంగు పడకూడని చోట గుడ్డ కన్నాలు మూసేస్తారు, బొమ్మ ఉన్న చోట మాత్రం తెరిచి ఉంచుతారు. పైన ఇంకు వేసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద కార్డు మీద వినాయకుడు పడతాడు. ఇంకు తక్కువైతే బొమ్మ వెలిసినట్టు వస్తుంది. ఎక్కువైతే ముద్దగా అలుక్కుపోతుంది. రెండో రంగు వేసేటప్పుడు ఫ్రేము కాస్త జరిగిందంటే ఎరుపు గీత దాటి పక్కకి పోతుంది. అలాంటి కార్డుల్ని షాపాయన వేస్ట్ కింద పక్కన పడేస్తాడు.

1962 ఆగస్టులో హాలీవుడ్ తార మార్లిన్ మన్రో చనిపోయింది. ఆ తర్వాత కొద్ది వారాలకే న్యూయార్క్‌లో ఆండీ వార్‌హోల్ అనే చిత్రకారుడు ఆమె ఫోటో ఒకటి సంపాదించాడు. 1953 నాటి ఒక సినిమా పబ్లిసిటీ ఫోటో అది. దాన్ని ఇదే పద్ధతిలో స్క్రీన్‌కి ఎక్కించి కాన్వాస్ మీద అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న ‘మార్లిన్ డిప్టిక్’లో ఆ ముఖం 50 సార్లు కనిపిస్తుంది. ఎడమ సగంలో 25 ముఖాలు రంగుల్లో ఉంటాయి: పసుపు జుట్టు, గులాబీ చర్మం, కనురెప్పల మీద నీలం. కుడి సగంలో 25 ముఖాలు ఉత్త నలుపు తెలుపు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరికి వెళ్తే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక చోట పెదవుల ఎరుపు హద్దు దాటింది. కుడివైపు ఒక నిలువు వరుసలో ఇంకు ముద్దకట్టి ముఖమంతా మసిబారింది. అంచుకి వెళ్లేకొద్దీ ఇంకు చాలక ఆమె వెలిసి, చివరికి దాదాపు మాయమైపోయింది.

షాపాయన పక్కన పడేసే కార్డులు సరిగ్గా ఇవే. వార్‌హోల్ వాటినే ఉంచుకున్నాడు. ఆ బొమ్మలో చావు గురించి చెప్పేవి కూడా ఆ పాడైన ముద్రలే.

మరుసటి ఏడాది ఒక ఇంటర్వ్యూలో, తాను ఇలా బొమ్మలు వేయడానికి కారణం యంత్రంలా ఉండాలనుకోవడమేనని చెప్పాడు. ఇంకోసారి, తన గురించి తెలుసుకోవాలంటే బొమ్మల పైపై రూపం చూస్తే చాలని, దాని వెనక ఏమీ లేదని అన్నాడు. లోకం ఈ మాటల్ని ఉన్నదున్నట్టు నమ్మేసింది. వెండి రంగు విగ్గు, నల్ల కళ్లద్దాలు, ముక్తసరి జవాబులు, డబ్బు, పార్టీలు, వాటి వెనక ఏమీ లేని మనిషి. ఈ చిత్రం అబద్ధమేమీ కాదు, కానీ సగమే. మిగతా సగం అతను వద్దన్నా అతని ముద్రల్లోంచి బయటపడుతూనే ఉంది.

అతను పుట్టింది 1928 ఆగస్టు 6న, అమెరికాలోని ఉక్కు ఫ్యాక్టరీల నగరం పిట్స్‌బర్గ్‌లో. అసలు పేరు ఆండ్రూ వార్‌హోలా. తల్లిదండ్రులు ఇప్పటి స్లొవాకియాలో ఉన్న మికోవా అనే పల్లె నుంచి వలస వచ్చిన, తూర్పు ఐరోపా కొండప్రాంతాల రుసిన్ జాతివాళ్లు. తండ్రి కూలిపని చేసేవాడు, ఆండీకి పద్నాలుగేళ్లు నిండకముందే చనిపోయాడు. పోతూ పోతూ కడుపు కట్టుకుని దాచిన డబ్బు చిన్నకొడుకు చదువుకే ఉంచాడు. ముగ్గురు కొడుకుల్లో కాలేజీకి వెళ్లగలిగింది ఆ చిన్నవాడే.

ఆ కుటుంబానిది బైజాంటిన్ క్యాథలిక్ సంప్రదాయం, అంటే పోప్‌ని ఒప్పుకుంటూనే తూర్పు క్రైస్తవుల పద్ధతిలో ప్రార్థన చేసే శాఖ. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోతే వార్‌హోల్ సగం అర్థం కాడు. తల్లి జూలియా పిల్లల్ని సెయింట్ జాన్ క్రిసోస్టమ్ చర్చికి తీసుకెళ్లేది. అలాంటి చర్చిలో పీఠానికి ముందు నిలువెత్తు పటాల గోడ ఒకటి ఉంటుంది. దాని నిండా క్రీస్తు, మేరీమాత, సెయింట్లు వరుసల్లో ఉంటారు. అందరూ సూటిగా చూసేవాళ్లే. ముఖాల్లో లోతు చూపించే నీడలు తక్కువ, వెనకాల బంగారు రంగు. ప్రార్థన సాగినంతసేపూ పిల్లవాడి కళ్లెదుట ఉన్నది ఆ గోడే. తర్వాత పాతికేళ్లకి అతను చేసిన ‘గోల్డ్ మార్లిన్ మన్రో’లో పెద్ద బంగారు రంగు మైదానం మధ్య ఒంటరిగా ఒక చిన్న ముఖం సూటిగా చూస్తుంటుంది. విమర్శకులు దీన్ని సినిమా మోజు మీద వ్యాఖ్య అన్నారు. నిజమే కావచ్చు. కానీ పటాల గోడ ముందు పెరిగినవాడికి ఒక ముఖాన్ని బంగారం మీద పెట్టడమంటే మొదట గుర్తొచ్చేది వెక్కిరింత కాదు, దండం.

ఎనిమిదేళ్ల వయసులో అతనికి కాళ్లూ చేతులూ వాటంతటవే అదిరిపోయే కొరియా అనే జబ్బు చేసింది. నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. తల్లి సినిమా పత్రికలు, రంగులు వేసే పుస్తకాలు తెచ్చి పెట్టేది. ఒక పేజీ రంగు వేయడం పూర్తయితే ఒక చాక్లెట్ చేతిలో పెట్టేది. ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో ఆమె ఖాళీ రేకు డబ్బాల్ని కత్తిరించి పూలు చేసి, రంగు కాగితం చుట్టి అమ్మేది. తన మొదటి డబ్బా బొమ్మలకి కారణం ఆ పూలేనని వార్‌హోలే తర్వాత చెప్పాడు. అమెరికా వినియోగ సంస్కృతికి గుర్తుగా లోకమంతా చూసే ఆ సూప్ డబ్బా వెనక, కత్తెర పట్టుకుని రేకు పూలు చేస్తున్న ఒక వలస తల్లి ఉంది. ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఈ చిన్న సంగతి దగ్గర ఆగకుండా ఉండలేం.

1949లో కార్నెగీ టెక్‌లో చదువు ముగించి న్యూయార్క్ చేరాడు. పత్రికల్లో పేరు పడే క్రమంలో వార్‌హోలా చివరి దీర్ఘం రాలిపోయి వార్‌హోల్ అయ్యాడు. చెప్పుల కంపెనీ యాడ్స్‌కి బొమ్మలు వేసి, పదేళ్లలో మంచి పేరు, ఇల్లు సంపాదించాడు. అప్పటి అతని పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. కాగితం మీద ఇంకుతో గీత గీసి, అది ఆరకముందే ఇంకో కాగితం దాని మీద అద్దేవాడు. రెండో కాగితం మీద గీత అక్కడక్కడా తెగి, చుక్కలు చుక్కలుగా పడేది. అసలు గీతని పక్కన పెట్టి, ఆ అద్దుడునే కంపెనీకి ఇచ్చేవాడు. అంటే అచ్చు తప్పుల మీద ప్రేమ, సరుకులూ సినిమా తారల బొమ్మలతో చేసిన అతని పాప్ ఆర్ట్ కంటే ముందు నుంచే ఉంది. తల్లి కూడా 1950ల మొదట్లోనే న్యూయార్క్ వచ్చి దాదాపు ఇరవయ్యేళ్లు అతనితోనే ఉంది. అతని బొమ్మల కింద గుండ్రటి అక్షరాలు చాలాచోట్ల ఆమె రాసినవే. ఇంగ్లిష్ సరిగా రాని ఆమె ఒక పిల్లుల పుస్తకం పేరులో ఒక అక్షరం వదిలేస్తే, దిద్దకుండా అలాగే అచ్చువేయించాడు.

1962 జులైలో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో అతని 32 క్యాంప్‌బెల్ సూప్ డబ్బాల బొమ్మలు పెట్టారు. కంపెనీ అప్పట్లో అమ్ముతున్న రుచులు 32, బొమ్మలూ అన్నే. సరుకుల కొట్టులో పెట్టినట్టు గోడ వెంట పలక మీద వరసగా నిలబెట్టారు. దగ్గర్లోని ఇంకో గ్యాలరీ అసలు సూప్ డబ్బాలు కిటికీలో పేర్చి, మా దగ్గర చవక అని ఎగతాళి చేసింది. బొమ్మ ఒక్కోటి 100 డాలర్లు. ఐదారు అమ్ముడుపోయేసరికి గ్యాలరీ యజమాని ఇర్వింగ్ బ్లమ్‌కి ఇవన్నీ కలిసే ఉండాలనిపించింది. అమ్మినవి వెనక్కి తీసుకుని, మొత్తాన్ని 1,000 డాలర్లకి నెలకి 100 చొప్పున వాయిదాల్లో కొనుక్కున్నాడు. 1996లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి అవి చేరినప్పుడు వాటి విలువ సుమారు 1.5 కోట్ల డాలర్లు.

ధర సంగతి అలా ఉంచితే, ఆ 32 బొమ్మలూ స్క్రీన్ మీద అచ్చువేసినవి కావు. చేత్తో వేసినవి. డబ్బా అడుగున వరుసగా ఉండే పూల గుర్తు మాత్రం రబ్బరు ముద్రతో గుద్దాడు, ఆ ముద్రలు కూడా ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడ్డాయి. యంత్రం చేసినట్టు కనిపించేదాన్ని చేత్తో చేశాడు. తర్వాత యంత్రంలాంటి పద్ధతి చేతికొచ్చాక, చేత్తో చేసినట్టు తప్పులు రానిచ్చాడు. అతని వైరుధ్యాలన్నిటికీ తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే చేసిన చావుల బొమ్మలు అతని పనిలో అన్నిటికంటే గట్టివి. విమానం కూలి 129 మంది చనిపోయిన వార్త పడిన పత్రిక మొదటి పేజీ, కారు ప్రమాదాలు, ఖాళీగా ఉన్న ఎలక్ట్రిక్ కుర్చీ, నల్లజాతివాళ్ల మీదికి కుక్కల్ని వదిలిన పోలీసులు. భయంకరమైన ఫోటోని పదేపదే చూస్తే అది మనసుని తాకదని అతను అన్నాడు. ఆ బొమ్మల ముందు నిలబడితే మాత్రం అలా జరగదు. ఒకటే దృశ్యం పదిసార్లు, ప్రతిసారీ ఇంకు ఒకచోట జారుతూ కనిపిస్తే, కన్ను అలవాటు పడటానికి బదులు వెతకడం మొదలుపెడుతుంది. ఫోన్‌లో వేలితో తోసేస్తూ ప్రమాదాల వీడియోలు చూసే ఇవాళ్టి రోజుల్లో ఈ ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది.

1964లో బ్రిల్లో సబ్బుపీచు పెట్టెల్ని చెక్కతో చేసి, అచ్చం అట్టపెట్టెల్లా స్క్రీన్ ప్రింట్ వేసి గ్యాలరీలో పేర్చాడు. కొట్టులో ఉన్న పెట్టెకీ దీనికీ కంటికి తేడా లేనప్పుడు ఇది కళ ఎలా అయింది అని తత్వవేత్త ఆర్థర్ డాంటో అడిగాడు. ఆ ప్రశ్న మీద ఇవాళ్టికీ పుస్తకాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువగా వినపడని పేరు ఒకటుంది, జేమ్స్ హార్వీ. అసలు బ్రిల్లో పెట్టెని డిజైన్ చేసింది అతనే. పొట్టకూటికి డిజైన్ పని చేస్తూ, మనసుపెట్టి నైరూప్య చిత్రాలు వేసుకునే పెయింటర్. తను పొట్టకూటికి చేసిన పెట్టె ఇంకొకడి పేరుతో కళాచరిత్రకి ఎక్కింది. మరుసటి ఏడాదే హార్వీ చనిపోయాడు. ఈ అన్యాయాన్ని వార్‌హోల్ గొప్పదనం కింద దాచేయడం సరికాదు. ఇలాంటి బాకీయే ఇంకొకటి తర్వాత కోర్టుదాకా వచ్చింది.

వెండి రంగు రేకు అతికించిన ‘ఫ్యాక్టరీ’ స్టూడియో కథ అందరికీ తెలిసిందే. సినిమాలు, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్, రాత్రంతా వచ్చిపోయే జనం. ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డవాళ్లకి, స్వలింగ సంపర్కం చట్టరీత్యా నేరంగా ఉన్న ఆ కాలంలో తమలా తాము ఉండాలనుకున్నవాళ్లకి, అది తలదాచుకునే చోటు. అతనూ ఆ విషయంలో పెద్దగా దాచుకున్నవాడు కాదు, అదీ తరచూ చర్చికి వెళ్తూ. కానీ అక్కడ చేరినవాళ్లు పడిపోతుంటే కెమెరా తిప్పడమే తప్ప చెయ్యి అందించలేదన్న ఆరోపణ ఉంది. 1965లో అతని సినిమాలతో వెలిగిన ఈడీ సెడ్జ్‌విక్ 1971లో మత్తుమందుల వల్ల చనిపోయేనాటికి ఆమెకి 28 ఏళ్లు. ఆమె పతనానికి అతనొక్కడే కారణమనడం తప్పు. పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నాడనడం మాత్రం తప్పు కాదు.

1968 జూన్ 3న వాలరీ సొలానాస్ అనే రచయిత్రి అతన్ని కాల్చింది. తను ఇచ్చిన నాటకం ప్రతిని అతను పోగొట్టాడన్న కోపం, తన బతుకు మీద అతనికి పట్టు ఎక్కువైపోయిందన్న అనుమానం ఆమెవి. ఛాతీ, పొట్ట చిల్లులు పడ్డాయి. ఆస్పత్రిలో ఇక లేడనుకున్న దశ నుంచి డాక్టర్లు గంటలపాటు ఆపరేషన్ చేసి బతికించారు. రెండు రోజులు తిరక్కుండానే అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న రాబర్ట్ కెన్నెడీ మీద కాల్పులు జరిగి, ఈ వార్త పత్రికల్లో లోపలి పేజీల్లోకి పోయింది. పేరుప్రతిష్ఠల గురించి జీవితమంతా బొమ్మలు వేసినవాడికి ఇంతకంటే కఠినమైన పాఠం ఉండదు.

ఆ తర్వాత అతను ఎలా ఉన్నాడో చెప్పే బొమ్మ అతను వేసింది కాదు. 1970లో పెయింటర్ ఆలిస్ నీల్ వేసింది, విట్నీ మ్యూజియంలో ఉంది. అందులో వార్‌హోల్ చొక్కా లేకుండా కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చేతులు రెండూ ఒళ్లో. ఛాతీ నుంచి పొట్టదాకా కుట్ల మచ్చలు, నడుం చుట్టూ పొట్ట కండరాల్ని పట్టి ఉంచే కార్సెట్. కింద మాత్రం నిగనిగలాడే గోధుమరంగు బూట్లు. కెమెరా ముందు ఎప్పుడూ ముఖం మీద తెర వేసుకునే మనిషి, ఒక వయసు మళ్లిన పెయింటర్ ముందు ఆ తెర తీసి కూర్చున్నాడు. కార్సెట్ బతికినంతకాలం వదల్లేదు. రంగులద్దించుకున్న ఆ కార్సెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

డెబ్బైల్లో వ్యాపారమే అతని మాట. డబ్బున్నవాళ్ల పోర్ట్రెయిట్లు 25,000 డాలర్లకి వేసేవాడు. మంచి వ్యాపారమే అన్నిటికంటే గొప్ప కళ అని రాసుకున్నాడు. మావో బొమ్మలు వేసిన చేత్తోనే ఇరాన్ షాకి కూడా వేశాడు. ఈ దశలో చేసినవాటిలో చాలావరకు చప్పగానే ఉంటాయి, దానికి సమర్థన వెతకక్కర్లేదు. కానీ ఇదే మనిషి అదే కాలంలో తన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితాన్నీ, కరెంటు బిల్లు నుంచి అభిమాని ఉత్తరం దాకా, అట్టపెట్టెల్లో వేసి తేదీ రాసి మూసేవాడు. ‘టైమ్ క్యాప్సూల్స్’ అని పేరుపెట్టిన ఆ పెట్టెలు 610. పిట్స్‌బర్గ్‌లోని అతని మ్యూజియంలో వాటిని ఒక్కోటీ తెరిచి లెక్క రాయడానికే ఏళ్లు పట్టింది. వెనక ఏమీ లేదన్నవాడు వెనక ఉన్నదంతా కట్టగట్టి దాచాడు.

పిత్తాశయం ఆపరేషన్‌ని భయంతో ఏళ్లపాటు వాయిదా వేసి, చివరికి చేయించుకున్న మరునాడు, 1987 ఫిబ్రవరి 22న చనిపోయాడు. ఏప్రిల్ 1న న్యూయార్క్ సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌లో జరిగిన సంస్మరణ సభలో కళాచరిత్రకారుడు జాన్ రిచర్డ్‌సన్ మాట్లాడుతూ చెప్పినవి చాలామందికి కొత్త. అతను తరచూ చర్చికి వెళ్లేవాడని, పండగ రోజుల్లో నిరాశ్రయులకి భోజనం వడ్డించి కాఫీ పోసేవాడని. ఫోటోగ్రాఫర్లని పిలవని పని అతను చేసింది బహుశా అదొక్కటే. చివరి ప్రదర్శన కూడా ఆ ఏడాది జనవరిలోనే మిలాన్‌లో, లియొనార్డో ‘చివరి విందు’ ఉన్న చర్చికి వీధి అవతల జరిగింది. అదే విందుని వందకి పైగా రకాలుగా వేశాడు. కొన్నిట్లో క్రీస్తు ముఖం పక్కన సబ్బు, చిప్స్ కంపెనీల గుర్తులుంటాయి. ఎగతాళా, భక్తా అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. వంటింటి గోడ మీద కంపెనీ క్యాలెండర్‌లో లక్ష్మీదేవి, కింద సిమెంటు కంపెనీ పేరు చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకి ఆ రెండూ ఒకే కాగితం మీద ఉండటం అంత వింతగా తోచకపోవచ్చు.

ఇక అతని ప్రభావం. భవిష్యత్తులో ప్రతివాళ్లూ పదిహేను నిమిషాలు ప్రపంచ ప్రసిద్ధులవుతారన్న మాట 1968 నాటి స్టాక్‌హోమ్ ప్రదర్శన క్యాటలాగ్‌లో అతని పేరుతో వచ్చింది. అది నిజంగా అతను అన్నదేనా అన్న దాని మీదే వివాదం ఉంది. రీల్స్ కాలానికి అతికినట్టు సరిపోతుంది కాబట్టి ఎక్కడ చూసినా ఆ మాటే. దానివల్ల అతనికి మేలు కంటే నష్టమే ఎక్కువ జరిగింది, జోస్యం చెప్పినవాడిగా మిగిలిపోయాడు. అసలు ప్రభావం వేరే చోట ఉంది. జెఫ్ కూన్స్, తకాషి మురకామి లాంటి ఇవాళ్టి పేరున్న కళాకారులు పదులమంది సహాయకులతో స్టూడియోని కార్ఖానాలా నడుపుతున్నారంటే దారి వేసింది ఇతనే. సూప్ కంపెనీ 2012లో అతని రంగులతో అసలు డబ్బాలనే అచ్చువేసి అమ్మింది. 2022 మేలో అతని నీలం మార్లిన్ బొమ్మ 19.5 కోట్ల డాలర్లకి వేలంలో పోయింది. అతని ఆస్తితో ఏర్పడిన ఫౌండేషన్ కొత్త కళాకారులకి గ్రాంట్లు ఇస్తూ వస్తోంది.

బాకీ సంగతి ఇక్కడే. 1981లో ఫోటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ గాయకుడు ప్రిన్స్‌ని ఫోటో తీసింది. 1984లో ఒక పత్రిక 400 డాలర్లు ఇచ్చి, ఒక్కసారి వాడుకునేలా ఆ ఫోటోని వార్‌హోల్‌కి ఇచ్చింది. అతను దాంతో 16 బొమ్మలు చేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయినప్పుడు వాటిలో ఒకదాన్ని వేసుకోవడానికి ఆ పత్రిక సంస్థ ఫౌండేషన్‌కి 10,000 డాలర్లు ఇచ్చింది. ఫోటో తీసినామెకి ఏమీ దక్కలేదు. కేసు అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2023 మే 18న ఏడుగురు జడ్జిలు ఆమె వైపు, ఇద్దరు ఫౌండేషన్ వైపు నిలిచారు. సూప్ డబ్బా వేరు, ఈ బొమ్మ వేరు అని మెజారిటీ తీర్పు విడదీసి చెప్పింది. డబ్బా బొమ్మ సూప్ అమ్మడానికి కాదు. ప్రిన్స్ బొమ్మ మాత్రం ఫోటో చేసే పనే, పత్రికలో ప్రిన్స్ ముఖం చూపించే పనే చేస్తోంది. ఇలాగైతే కొత్త కళకి ఊపిరాడదని జస్టిస్ ఎలెనా కేగన్ గట్టిగా విభేదించింది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఇవాళ ఏఐ కంపెనీలు కోట్ల బొమ్మల్ని ఎవర్నీ అడక్కుండా మింగి కొత్త బొమ్మలు కక్కుతున్నప్పుడు, లాయర్లు రెండువైపులా ఈ తీర్పునే తిరగేస్తున్నారు. యంత్రం కావాలని కోరుకున్న మనిషి పేరు మీదే, యంత్రం ఎంతవరకు తీసుకోవచ్చన్న తగువు నడుస్తోంది. తేడా ఏమిటంటే, ఆ యంత్రాలు తప్పు ముద్రని ఎంచి ఉంచుకోలేవు. మన్రో ముఖం మసిబారిన చోట ఆగి, ఇది ఉండనీ అనుకున్నది ఒక మనిషి.

పిట్స్‌బర్గ్ పక్కన బెతెల్ పార్క్‌లో, బైజాంటిన్ క్యాథలిక్ శ్మశానంలో వార్‌హోల్‌ని పూడ్చిపెట్టారు. 1964లో అతను ఎంపైర్ స్టేట్ భవనం ఎదురుగా కదలని కెమెరా పెట్టి ఎనిమిది గంటల సినిమా తీశాడు, అందులో చీకటి పడటం, దీపాలు వెలగడం తప్ప ఇంకేమీ జరగదు. 2013 ఆగస్టు 6న, 85వ పుట్టినరోజుకి, అతని సమాధి ఎదురుగా కూడా అలాంటి కెమెరా ఒకటి పెట్టి ఇంటర్నెట్‌లో చూపించడం మొదలుపెట్టారు. మంచు పడుతుంది, కరుగుతుంది. ఎవరో వచ్చి రాయి ముందు సూప్ డబ్బా పెట్టి వెళ్తారు. అతని రాయి మీద పేరు వార్‌హోల్ అని ఉంటుంది. దగ్గర్లోనే ఉన్న అమ్మానాన్నల రాయి మీద, రాలిపోయిన ఆ దీర్ఘంతో సహా, వార్‌హోలా అని ఉంటుంది.